మేత కొట్టు లెక్కలకి రాన్సమ్‌వేర్ బందోబస్తు: ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

మా ఓనరు గారిది భీమవరంలో రొయ్యల మేత డీలర్‌షిప్. మెయిన్ కొట్టు ఊళ్ళోనే. ఆకివీడు, కాళ్ళ అనే ఊళ్ళలో చెరో బ్రాంచీ, ఉండి రోడ్డులో గోడౌన్ ఉన్నాయి. కంప్యూటర్ల సంగతి నేను చూస్తాను. ఓనరు గారికి తెలిసిన ఐస్ ఫ్యాక్టరీ యజమానికి ఒకరోజు పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదట. డబ్బు బిట్‌కాయిన్‌లో కట్టమని ఇంగ్లీషులో ఒక నోటు మాత్రం కనబడిందట. రాన్సమ్‌వేర్ అంటే ఇదే, ఫైళ్ళకి తాళం వేసి, తియ్యడానికి డబ్బు అడిగే దొంగ ప్రోగ్రాము. అది విన్నప్పటి నుంచి మా ఓనరు గారికి టెన్షన్. "మనకీ వస్తే ఏంటబ్బాయ్?" అని అడిగి, "యాంటీవైరస్ ఉందిగా" అని తనే సర్దిచెప్పుకున్నారు.

యాంటీవైరస్ ఉండాల్సిందే. కానీ నేను అక్కడ మొదలుపెట్టలేదు. ఏది పోతే కొట్టు మూసుకోవాలో ముందు కాగితం మీద రాయమన్నాను. రాస్తూ పోతే లిస్టు చాలా చిన్నదైంది. మేత కంపెనీకి మనం కట్టాల్సింది కంపెనీ దగ్గరే ఉంటుంది. జీఎస్టీ రిటర్నులు పోర్టల్లో ఉంటాయి. చెక్కులు, ట్రాన్స్‌ఫర్లు బ్యాంకు స్టేట్‌మెంట్లో దొరుకుతాయి. ఇంకెక్కడా దొరకనిది ఒక్కటే: రైతు బాకీ.

ఇక్కడి వ్యాపారం సంగతి తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. చెరువులో వనామీ రొయ్య పిల్ల వేసిన దగ్గర్నుంచి మూడు నాలుగు నెలలు మేత అప్పు మీదే వెళ్తుంది. చెరువు పట్టి, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసి, సరుకు లారీ ఎక్కాకే మనకి డబ్బు వస్తుంది. ఈలోగా ఎవరికి ఎన్ని బస్తాలు వెళ్ళాయో, మధ్యలో ఎంత జమయిందో మన లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో మాత్రమే ఉంటుంది. అది లాక్ చేసినవాడు మన కంప్యూటర్‌ని పట్టుకున్నట్టు కాదు, బజార్లో ఉన్న మన డబ్బునంతా పట్టుకున్నట్టు. ఈ మాట అన్నాక ఓనరు గారు కుర్చీ దగ్గరకి లాక్కున్నారు.

ఖర్చు సంగతి కూడా ఆ రోజే తేలిపోయింది. అమెరికా టారిఫ్‌ల గోలతో రొయ్య ధర ఊగిసలాడుతోంది, కొత్త సర్వర్ మాట ఎత్తొద్దన్నారు. మంచిదే. ఈ పనికి సర్వర్ అక్కర్లేదు.

జూన్, రెండో వారం

వైర్లు పట్టుకుని తిరిగాను. ఎవరు ఎక్కడి నుంచి లోపలికి రాగలరో చూడటమే ఈ వారం పని.

మెయిన్ కొట్టు రౌటర్‌లో 3389 పోర్టు, అంటే దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే రిమోట్ డెస్క్‌టాప్ తలుపు, బయటికి తెరిచి ఉంది. రెండేళ్ళ కిందట ఓనరు గారు హైదరాబాదులో కూతురింటి నుంచి టాలీ చూడాలంటే, కంప్యూటర్ అమ్మినతను రిమోట్ డెస్క్‌టాప్ పెట్టి వెళ్ళాడు. పని అవుతోంది కాబట్టి తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు. విండోస్ తన చిట్టా (లాగ్) చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి 4625 నంబరు మీద ఫిల్టర్ పెట్టాను. అది విఫలమైన లాగిన్‌ల నంబరు. స్క్రీన్ కిందికి జరుపుతుంటే అవే వరసలు. కొన్ని సెకన్లకొకటి చొప్పున, పగలూ రాత్రీ తేడా లేకుండా, ఏవేవో దేశాల ఐపీ అడ్రసుల నుంచి "అడ్మినిస్ట్రేటర్", "అడ్మిన్", "యూజర్", "టాలీ" అనే పేర్లతో తలుపు తడుతూనే ఉన్నారు. మన మీద పగబట్టిన మనిషెవడూ లేడు అక్కడ. తెరిచిన పోర్టు ఎక్కడ కనబడితే అక్కడ పాస్‌వర్డ్‌లు వరసగా వేసి చూసే ప్రోగ్రాములవి. మన పాస్‌వర్డ్ కొట్టు పేరు, దాని వెనక 123. ఇన్నాళ్ళు ఎలా ఆగిందో గోదావరి తల్లికే తెలియాలి.

"మనంత చిన్న కొట్టు మీద ఎవడి కన్ను పడుతుంది?" అనే మాట ఇక్కడ ప్రతి వ్యాపారి నోటా వింటాను. ఆ లాగ్ ఓనరు గారికి చూపించాక ఆ మాట మళ్ళీ రాలేదు.

పోర్టు మూసేశాను. ఓనరు గారి ఫోన్లో, లాప్‌టాప్‌లో వీపీఎన్ (బయటి నుంచి మన నెట్‌వర్క్‌లోకి తాళం ఉన్న దారి) పెట్టి, దానికి ఓటీపీ యాప్ జోడించాను. మొదట విసుక్కున్నారు. అమెరికాలో తూర్పు తీరానికి పెట్రోలు, డీజిలు మోసే కలోనియల్ పైప్‌లైన్ 2021 మేలో రాన్సమ్‌వేర్ దెబ్బకి ఆగిపోయిన కథ చెప్పాను. దొంగలు దూరింది ఎవరూ వాడని పాత వీపీఎన్ అకౌంటుతో, దానికి రెండో తాళం లేదు. అంటే వీపీఎన్ పెట్టి ఓటీపీ పెట్టకపోతే సగం పనే. ఇప్పుడు ఓటీపీ ఆయనే కొట్టుకుంటున్నారు.

ఆకివీడు కొట్టులో ఇంకొకటి బయటపడింది. అక్కడి కంప్యూటర్‌కి విండోస్ లైసెన్స్ లేదు. యాక్టివేట్ చేసే క్రాక్ ఒకటి వేశారు, అది పనిచెయ్యడానికి యాంటీవైరస్‌ని ఆపేశారు. ఇళ్ళనీ చిన్న కొట్లనీ ఎక్కువగా బాధపెట్టిన స్టాప్ అనే రాన్సమ్‌వేర్ కుటుంబం ఇలాంటి క్రాక్‌ల లోపలే దాక్కుని వస్తుంది. ఆ మెషీన్ ఫార్మాట్ చేసి లైసెన్స్ కొనిపించాను. దీని మీద బేరం ఆడనివ్వలేదు.

గోడౌన్లో కాటా పక్కనున్న విండోస్ 7 పెట్టెను మార్చడం కుదరదు, కాటా సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తుంది. నెట్ తీసేశాను. పాత ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్ఎంబీ 1 ఆపేశాను. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ దారిలోనే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని అందులో చిక్కుకున్నాయి. విచిత్రం ఏమిటంటే ఆ కంతకి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు (అప్‌డేట్) ఇచ్చింది. రెండు నెలలపాటు వేసుకోనివాళ్ళే ఎక్కువగా దెబ్బతిన్నారు.

జూన్, ఆఖరు

బ్యాకప్. అసలు పని ఇదే కాబట్టి ఎక్కువ రాస్తాను.

"మనకి బ్యాకప్ ఉంది" అని గుమస్తా గారు ధీమాగా చెప్పారు. కంప్యూటర్ వెనక ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, నీలం లైటు వెలుగుతూ, ఎప్పుడూ తగిలించే ఉంటుంది. రోజూ రాత్రి కాపీ అయ్యేలా పాత సర్వీసతను సెట్ చేశాడు. తగిలించి ఉన్న డిస్కు రాన్సమ్‌వేర్‌కి ఇంకో డ్రైవు మాత్రమే, సీ డ్రైవుతో పాటు దానికీ తాళం వేస్తుంది. విండోస్ దాచిపెట్టే షాడో కాపీల్ని అయితే ముందే చెరిపేస్తుంది. ఈ ముఠాలు లోపలికి రాగానే పని మొదలుపెట్టవు. కొన్నాళ్ళు తిరిగి బ్యాకప్ ఎక్కడుందో చూసుకుని, మనుషులు లేని సెలవు రోజో వారాంతమో చూసి దెబ్బ కొడతాయి. మన దగ్గరైతే సంక్రాంతి మూడు రోజులూ కొట్టులో ఎవరుంటారు? ఓనరు దగ్గర్నుంచి జట్టు కూలీ దాకా అందరూ పందేల బరి దగ్గరే.

సరే, ఆ డిస్కులో ఏముందో చూద్దామని ఖాళీ కంప్యూటర్లో రీస్టోర్ చేశాను. కంపెనీ తెరుచుకుంది, పేర్లున్నాయి, బాకీలున్నాయి. ఆఖరి వోచర్ తేదీ మాత్రం కిందటేడాది మార్చి! అప్పట్లో టాలీ పాత వెర్షన్ ఈఆర్‌పీ 9 నుంచి కొత్తదైన ప్రైమ్‌కి మారినప్పుడు డేటా ఫోల్డర్ మారింది. కాపీ ప్రోగ్రాము మాత్రం పాత ఫోల్డర్‌నే, ఎవరూ తాకని అవే ఫైళ్ళని, రోజూ రాత్రి శ్రద్ధగా కాపీ చేస్తూ వచ్చింది. లైటు వెలిగింది, "సక్సెస్" అని మెసేజ్ వచ్చింది, ఏడాది పైగా లెక్క మాత్రం ఎక్కడా లేదు. గుమస్తా గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని స్క్రీన్ చూశారు.

ఇప్పుడు పెట్టిన ఏర్పాటు ఇది. మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌లో విండోస్ బదులు లైనక్స్ వేసి మేడ మీద గదిలో పెట్టాను. కొట్టు కట్టేసి టాలీ మూశాక, అదే వచ్చి మెయిన్ కంప్యూటర్ నుంచి డేటా లాక్కుంటుంది. దానికి మెయిన్ కంప్యూటర్లో చదివే హక్కు మాత్రమే ఉంది. మెయిన్ కంప్యూటర్‌కి దాని పాస్‌వర్డ్ తెలియదు, దాని ఫోల్డర్లు కనబడవు. కాబట్టి మెయిన్ కంప్యూటర్ దొంగ చేతిలో పడ్డా అక్కడి నుంచి బ్యాకప్‌ని చెరపడానికి దారి లేదు. చాలామంది దీన్ని తలకిందులుగా, అంటే కంప్యూటరే బ్యాకప్‌లోకి తోసేలా పెడతారు. అలా పెడితే తాళంచెవి దొంగ చేతిలో పెట్టినట్టే.

ఒక్క కాపీ ఉంచితే సరిపోదు. దొంగ పాడు చేసిన ఫైలు రాత్రి బ్యాకప్‌లోకి ఎక్కి మంచిదాన్ని తుడిచేస్తే? అందుకే రోజువారీ కాపీలు ముప్పై, నెలవారీవి పన్నెండు ఉంచుతున్నాను. టాలీ డేటా ఎంతని, ఓనరు గారి మనవరాలి ఓణీల ఫంక్షన్ వీడియో కన్నా చిన్నది.

దానికి తోడు రెండు హార్డ్‌డిస్కులు. వారం విడిచి వారం ఒకటి తగిలించి కాపీ అవగానే పీకి, ఓనరు గారింట్లో పై అంతస్తు బీరువాలో పెడతారు. ఇంకో కాపీ క్లౌడ్‌లో, గడువు తీరేదాకా మనం కూడా చెరపలేని లాక్‌తో ఉంటుంది. పాస్‌వర్డ్ పోయినా దాన్ని ఎవరూ తీసెయ్యలేరు. బీరువా కింద అంతస్తులో ఉంటే పోలా అని అడిగారు. డెల్టాలో కింద అంతస్తు గురించి నన్ను అడగాలా? తుఫానుకి విత్తనాల బస్తాలు అటకెక్కించే ఊరు మనది, డిస్కూ అంతే.

జులై, మొదటి వారం

రీస్టోర్ రిహార్సల్. ఆదివారం, కొట్టు సెలవు. షరతు ఒకటే: మెయిన్ కంప్యూటర్ లేదనుకోవాలి, ముట్టుకోకూడదు.

డేటా తెచ్చుకోవడం సులువుగానే అయింది. టాలీ దగ్గర ఆగిపోయాం. కొత్త మెషీన్లో లైసెన్స్ యాక్టివేట్ చెయ్యాలంటే రిజిస్టర్ చేసిన ఈమెయిలు, పాస్‌వర్డు కావాలి. ఆ ఈమెయిలు నాలుగేళ్ళ కిందట మానేసిన అకౌంటెంట్‌ది. ఆయనిప్పుడు కాకినాడలో ఇంకెక్కడో చేస్తున్నాడు. లైసెన్స్ లేకుండా ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరిస్తే బాకీలు కనబడతాయి గానీ, నెలలో ఏవో రెండు మూడు రోజుల తేదీలకి తప్ప ఎంట్రీ వెయ్యనివ్వదు. చూడటానికి పనికొస్తుంది, కొట్టు నడపడానికి కాదు. ఆయనకి ఫోన్ చేసి మెయిలు మార్పించుకునే సరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. నిజంగా దెబ్బ తగిలిన రోజున ఆయన ఫోన్ ఎత్తకపోతే? ఇలాంటివి రిహార్సల్‌లో తప్ప బయటపడవు.

సాయంత్రానికి ముందురోజు రాత్రి ప్రింటు తీసిన బాకీల లిస్టుతో స్క్రీన్‌ని పోల్చాం. గుమస్తా గారు పేరు చదవడం, బ్రాంచీ అమ్మాయి అంకె చెప్పడం. చివరి మొత్తం పైసలతో సహా సరిపోయింది.

ఆ ప్రింటు ఆలోచన గుమస్తా గారిదే. ఆయనది కోనసీమ, చిట్టా చేత్తో రాసిన తరం. "కంప్యూటర్ చచ్చినా కాగితం చావదండి, ఆయ్" అని, శనివారం శనివారం రైతువారీ బాకీలన్నీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టడం మొదలుపెట్టారు. ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఇది నాకు నచ్చింది.

మెర్స్క్ కథ కూడా ఆ రోజే చెప్పాను. మన రొయ్యల కంటెయినర్లని మోసే పెద్ద ఓడల కంపెనీల్లో అదొకటి. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ దెబ్బకి దాని కంప్యూటర్లు దాదాపు అన్నీ పోయాయి. ముంబయి దగ్గర జేఎన్‌పీటీ రేవులో దాని టెర్మినల్ కూడా ఆగింది. యూజర్ల పేర్లు, హక్కులు ఉంచే సర్వర్లు ప్రపంచమంతా తుడిచిపెట్టుకుపోతే ఘనాలో ఒకటి మిగిలింది. దాడి జరిగిన సమయానికి అక్కడ కరెంటు పోయింది కాబట్టి! కరెంటు కోతని తిట్టుకునే మా బ్రాంచీ అమ్మాయి దీనికి చాలాసేపు నవ్వింది. పైగా నాట్‌పెట్యా డబ్బు అడిగింది గానీ, కట్టినా ఫైళ్ళు తెరిచే ఏర్పాటే అందులో లేదు.

జులై, మూడో వారం

బ్యాకప్ గట్టిగా ఉంటే ధైర్యమే. కానీ అది సగం బెదిరింపుకే సమాధానం. 2019 చివర్లో మేజ్ అనే ముఠా దారి మార్చింది. తాళం వెయ్యకముందే డేటా ఎత్తుకుపోయి, డబ్బివ్వకపోతే బయటపెడతామని బెదిరించింది. మిగతా ముఠాలూ అదే పట్టుకున్నాయి. దీనికి బ్యాకప్ పనికిరాదు.

మన దగ్గర బయటపడకూడనిది ఏముందని ఓనరు గారు తేలిగ్గా తీసుకున్నారు. డీ డ్రైవులో "రైతుల పేపర్లు" అనే ఫోల్డర్ తెరిచి చూపించాను. ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్‌బుక్కులు, లీజు అగ్రిమెంట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కుల ఫోటోలు, ప్రామిసరీ నోట్లు ఉన్నాయి. పదేళ్ళ కిందట బాకీ తీర్చేసి వెళ్ళిపోయినవాళ్ళవి కూడా.

అది చూసి ఊరుకున్న ఆయన, పక్క ఫైలు తెరిచేసరికి లేచి నిలబడ్డారు. రైతువారీ డిస్కౌంట్ షీటు. ఒకే మేత, ఒకే రోజు, పక్కపక్క చెరువులవాళ్ళకి వేరు వేరు రేటు. పెద్ద చెరువుల ఆయనకొకటి, బంధువుకొకటి, నగదు ఇచ్చేవాడికొకటి. ఇది వాట్సాప్ గ్రూపులో పడితే తెల్లారేసరికి రైతులంతా కొట్టు ముందుంటారు. "ఇది తీసెయ్" అన్నారు వెంటనే. రాన్సమ్‌వేర్ మీద నేనిచ్చిన ఉపన్యాసాలన్నీ చెయ్యలేని పని ఆ ఒక్క షీటు చేసింది.

ఖాతా ముగిసినవాళ్ళ స్కాన్‌లు మొత్తం చెరిపేశాం. పాత హార్డ్‌డిస్క్‌తో సహా. నడుస్తున్న ఖాతాల పేపర్లు ఎన్‌క్రిప్ట్ చేసిన ఒక డిస్కులో ఉన్నాయి, అది నెట్‌కి తగలదు. ఒరిజినల్ నోట్లు ఎప్పట్నుంచో ఇనప్పెట్టెలోనే ఉన్నాయి, మరి వాటికి ఫోటో తీసి కంప్యూటర్లో పెట్టడం ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. డిస్కౌంట్ షీటు మాత్రం ఓనరు గారు చేత్తో రాసుకుంటున్నారు. నా ఉద్దేశంలో ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ రక్షణ ఇచ్చింది, పైసా ఖర్చు లేనిది ఇదే.

జులై, ఆఖరు

డబ్బు కట్టాలా వద్దా? ఈ చర్చ కొట్టులో కాఫీల మీద చాలాసేపు నడిచింది. గుమస్తా గారు కట్టి వదిలించుకోమన్నారు, బ్రాంచీ అమ్మాయి ససేమిరా అంది.

నేను రెండు ఉదాహరణలు చెప్పాను. కలోనియల్ పైప్‌లైన్ 75 బిట్‌కాయిన్లు, అప్పటి లెక్కలో 44 లక్షల డాలర్ల దాకా కట్టింది. దొంగలిచ్చిన తాళంచెవి ఎంత నెమ్మదిగా పనిచేసిందంటే, చివరికి తమ బ్యాకప్‌ల నుంచే తెచ్చుకున్నారు. తర్వాత అమెరికా ప్రభుత్వం కొంత సొమ్ము వెనక్కి లాగింది, అలా అందరికీ జరగదు. అమెరికాలోనే 2024 ఫిబ్రవరిలో ఆసుపత్రుల బిల్లుల చెల్లింపులు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ కంపెనీ దెబ్బతింది. అక్కడ 2 కోట్ల 20 లక్షల డాలర్లు కట్టాక కూడా అదే డేటాతో ఇంకో ముఠా బేరానికి దిగింది. దొంగ "చెరిపేశాను" అన్న మాటకి రశీదు ఉండదు.

చివరికి రాసుకున్నది: కట్టం. కట్టాల్సిన పరిస్థితి వస్తే ఓనరు గారొక్కరే నిర్ణయించాలి, దొంగతో కొట్టులో ఎవరూ చాటింగ్ చెయ్యకూడదు. అంతకన్నా ముందు ఆ నోటు ఫోటో, లాక్ అయిన ఫైలొకటి పట్టుకుని నో మోర్ రాన్సమ్ సైటులో చూడాలి. యూరోపోల్, డచ్ పోలీసులు, సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో పెట్టింది అది, పాత రకాలకి కొన్నిటికి తాళంచెవులు ఊరికే దొరుకుతాయి.

ఆగస్టు, మొదటి వారం

గోడకి అంటించే కాగితం రాశాను. తెలుగులో, పెద్ద అక్షరాలతో. కంప్యూటర్లో పెడితే ఆ రోజున అదే తెరుచుకోదు కదా.

మొదట రౌటర్ పక్కనున్న స్విచ్ ప్లగ్ పీకాలి. ఎర్ర టేపు చుట్టింది అదే. వైఫై కూడా దాంతోనే పోతుంది. కంప్యూటర్ మాత్రం ఆపకూడదు, మెమరీలో దొంగ ఆనవాళ్ళు ఉండొచ్చు. ఇక్కడ బ్రాంచీ అమ్మాయి అడిగింది: "నా కళ్ళ ముందే ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటీ మారిపోతుంటే చూస్తూ కూర్చోనా అన్నయ్యా?" న్యాయమైన ప్రశ్న. పుస్తకాల్లో ఎలా ఉన్నా, మన కొట్టు వరకు నా జవాబు: నెట్ పీకినా ఫైళ్ళు మారుతూనే ఉంటే కరెంటు పీకెయ్. ఆనవాళ్ళ కన్నా బాకీలు ముఖ్యం.

తర్వాత స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తియ్యాలి. ఏదీ చెరపకూడదు. డిస్కులేవీ తగిలించకూడదు, భయంలో అందరూ చేసే పని బ్యాకప్ డిస్క్ తెచ్చి గుచ్చడమే. ఆపైన నాకు, ఓనరు గారికి ఫోన్. ప్రభుత్వం వైపు రెండు పనులున్నాయి. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు (ఫోన్ 1930), కంప్యూటర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కి సమాచారం. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం గమనించిన 6 గంటల్లోపు తెలపాలి. ఆ హడావుడిలో మెయిలు రాసే ఓపిక ఉండదని, ఖాళీలు వదిలి నమూనా ఒకటి ప్రింటు తీసి అదే ఫైల్లో పెట్టాను.

ఒక పూట కంప్యూటర్లన్నీ ఆపి కార్బన్ బిల్లు బుక్కులతో కొట్టు నడిపి చూశాం. భీమవరంలో బాగానే నడిచింది, గుమస్తా గారు రెక్కలు కట్టుకుని తిరిగారు. కాళ్ళ బ్రాంచీలో మాత్రం కొత్త కుర్రాడికి ధరల పట్టీ నోటికి రాదు, ప్రతి బస్తాకీ ఫోన్. ఇప్పుడు రేట్ల కార్డు లామినేట్ చేయించి కౌంటర్‌కి కట్టాం.

ఆగస్టు, మూడో వారం

మిగిలినవి. విండోస్ 10 మెషీన్లకి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. రెండు అప్‌గ్రేడ్ అవుతాయి, ఒకటి మార్చాలి. సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె డీవీఆర్‌కి ఇంకా ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంది, దాన్ని వేరే నెట్‌వర్క్‌లోకి తోయాలి. అందరూ అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అవ్వడం మాన్పించాను. ప్రింటర్ డ్రైవర్ కోసం వారానికొకరు ఫోన్ చేస్తున్నారు, చెయ్యనీ.

పెద్ద తలనొప్పి ఆడిటర్ గారి ఆఫీసు. వాళ్ళ కుర్రాళ్ళు దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ అనే ప్రోగ్రాముతో ఎప్పుడు పడితే అప్పుడు మన టాలీలోకి వస్తారు, పాస్‌వర్డ్ పర్మినెంట్‌గా పెట్టి ఉంది. మన తలుపు ఎంత బిగించినా వాళ్ళ ఆఫీసులో ఒక కంప్యూటర్ పోతే మన దాకా దారి ఉన్నట్టే. సహకార, గ్రామీణ బ్యాంకులకి సాంకేతిక సేవలిచ్చే సీ-ఎడ్జ్ మీద దాడి జరిగి, 2024 జులై 31న యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి విడదీసినప్పుడు దాదాపు 300 చిన్న బ్యాంకుల్లో యూపీఐ లాంటివి ఆగాయి. ఆ బ్యాంకుల మీద ఎవరూ దాడి చెయ్యలేదు, వాళ్ళకి పని చేసిపెట్టేవాళ్ళ మీద చేశారు.

నేను అడగబోయేది రెండే. ఎనీడెస్క్ కావాలంటే ఫోన్ చేసి, మన మనిషి "యాక్సెప్ట్" నొక్కితేనే లోపలికి రావాలి. నెలాఖరు డేటా మనమే లాక్ వేసి పంపుతాం, పెన్‌డ్రైవులు తేవొద్దు. ఓనరు గారు ఆడిటర్ గారికి చెప్పడానికి మొహమాటపడుతున్నారు, ఇరవై ఏళ్ళ స్నేహం. "నువ్వే వెళ్ళి మాట్లాడు, నా పేరు చెప్పకు" అన్నారు. సోమవారం సాయంత్రం వాళ్ళ ఆఫీసుకి వెళ్తున్నాను, 4625ల లాగ్ ప్రింటు పట్టుకుని.